మందుకు మిగిలినవి

ఆ నెలలో చచ్చిన గొర్రెల్లో అది మూడోది. తెల్లారి దొడ్డి తడిక తీసేసరికి మిగతా జీవాలన్నీ లేచి దులుపుకున్నాయి గానీ, అది మాత్రం మూలన ముందుకాళ్ళు మడిచి, మూతి నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది. పిచ్చియ్య దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, బొటనవేలితో దాని కంటిరెప్పను వెనక్కి తిప్పాడు. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దవడ కింద నిమ్మకాయంత నీటి సంచి వేలాడుతోంది. నొక్కి చూశాడు. పడిన సొట్ట ఎంతసేపటికీ పైకి లేవలేదు.

"నట్టలే," అన్నాడు. భార్యకు చెబుతున్నట్టు కాదు, ఎవరి మీదో నేరం మోపుతున్నట్టు అన్నాడు.

"మందు తాగిచ్చి ఇరవై రోజులు కాలేదు. మళ్ళీ నట్టలేందయ్యా?" అంది ఆదెమ్మ.

ఆ ప్రశ్నే పిచ్చియ్యను ఈ నెలంతా నిద్రపోనివ్వడం లేదు. నట్టలంటే జీవాల కడుపులో చేరి నెత్తురు తాగే పురుగులు. వాటికి మందు తాగించడంలో పిచ్చియ్యకున్నంత నిష్ఠ చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఏ కాపరికీ లేదు. మిగతావాళ్ళు సర్కారు మందు ఊరికే పోస్తే పోయించుకుంటారు, లేకపోతే దేవుడే దిక్కంటారు. పిచ్చియ్య అలాక్కాదు. వానాకాలం నాలుగు నెలలూ నెల తిరక్కుండానే క్యాన్లు కొనుక్కొచ్చి మరీ తాగిస్తాడు. ఎనభై నాలుగు జీవాల్లో ఒక్కదాన్ని వదలడు. కాపరులంతా అతన్ని పెద్దగా పెట్టుకున్నది కూడా ఈ నిష్ఠ చూసే. అలాంటివాడి మందలోనే గొర్రెలు నట్టలతో చస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?

తన చేతిలో తప్పు కనబడనప్పుడు మనిషి పక్కవాళ్ళ చేతుల వైపు చూడటం మొదలెడతాడు. పిచ్చియ్య కర్ర భుజాన వేసుకుని ఊరి బీడుకు బయల్దేరాడు.

పోలమ్మ అక్కడే ఉంది. ఇరవై రెండు గొర్రెల్ని ఒంటిచేత్తో మేపుకునే మనిషి. మామూలుగా నాపరాయి తవ్వి వదిలేసిన గుంతల వైపే తిరుగుతుంది, ఎవరి జోలికీ రాదు. ఈ భాద్రపదం వానలకు గుంతలు నిండి దారి మునిగితే నాలుగు రోజులుగా బీడులోకి వస్తోంది. కొంగు నడుముకు చుట్టి, ఒక గొర్రె గిట్టలో ఇరుక్కున్న తుమ్మముల్లు లాగుతోంది. ఇంకో ఇద్దరు కాపరులు గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు.

"ఏమే పోలమ్మా! నీ జీవాలకు నట్టల మందు తాగిచ్చావా లేదా?"

"తాగిచ్చా మావా. కన్ను తెల్లబడిన రెంటికీ మొన్నే తాగిచ్చా."

"మిగతా ఇరవైకి?"

"వాటికేం రోగం? కన్ను ఎర్రగా ఉంటే మందెందుకు? కడుపు నిండినోడికి మళ్ళీ అన్నం పెడతామా?" అంటూ ముల్లు పీకి చూపించింది. ముల్లు వేలెడు పొడవుంది.

గట్టు మీద ఒకడు కిసుక్కున నవ్వాడు. పిచ్చియ్యకు తల కొట్టేసినట్టయింది.

"తెలివి మాటలు నాకాడ చెప్పబాకు. ఆ ఇరవైటి కడుపులో నట్టల్ని పెంచుతున్నావు నువ్వు. అయ్యి పెంటికల్లో పడి, గడ్డెక్కి, నా జీవాల్ని మింగుతున్నయ్. ఇయ్యాలతో మూడు చచ్చినయ్."

పోలమ్మ లేచి నిలబడింది. "నేను ఈ బీడు తొక్కి నాలుగు రోజులు. నీది మొదటి గొర్రె చచ్చి ఇరవై రోజులయింది. నా మంద ఎట్టా కారణమైద్ది మావా? నువ్వే చెప్పు."

గట్టు మీది ఇద్దరికీ లెక్క అర్థమైంది. కానీ పెద్దమనిషి ఎదుట ఒంటరిదాని వైపు మాట్లాడి వాళ్ళు బావుకునేదేముంది? ఒకడు బీడీ ఆర్పాడు, ఇంకోడు ఆకాశం చూశాడు. జవాబు లేనివాడు గొంతు పెంచుతాడు. పిచ్చియ్యా పెంచాడు.

"ఆడంగి వాదాలు నాకొద్దు. వచ్చే సోమారం లోపల అన్నిటికీ తాగించు. ఒక్కదాన్నీ వదలబాకు. అప్పటిదాకా నీ మంద బీడులో కనపడితే కర్ర తీసుకుంటా. మందు లేదంటావేమో, మా ఇంటికొచ్చి సగం క్యాన్ పట్టకపో. ఊరికే ఇస్తన్నా."

పోలమ్మ అతని మొహంలోకి కాసేపు చూసింది. పోట్లాడుతుందనుకున్నారు గట్టు మీదివాళ్ళు. ఆమె మాత్రం నాలుకతో టక్కుమని శబ్దం చేసి, మందను వెనక్కి మళ్ళించింది. పోతూ పోతూ, "పెద్దోడివి, నీ మాట కాదంటానా," అంది. ఆమె మంద వెళ్ళినంతసేపూ పిచ్చియ్య అలాగే నిలబడ్డాడు. ఆ జీవాలు చురుగ్గా ఉన్నాయి. అది చూసి అతనికి ఇంకా మండింది.

*

ఆ సాయంత్రమే పిచ్చియ్య తన మందకు మళ్ళీ మందు తాగించాడు. ఆదెమ్మ ఒక్కో గొర్రెనూ రెండు తొడల మధ్య ఇరికించుకుని తల ఎత్తి పట్టుకుంటే, అతను సూది తీసేసిన సిరంజిని దవడ పక్కనుంచి లోపలికి దూర్చి, నాలుక మీదుగా మెల్లగా పోశాడు. తాగినదానికి నుదుటి మీద ఎర్రమట్టి బొట్టు. బొట్టు పడినవి ఇటు, పడనివి అటు.

సిరంజిలో కొలత మాత్రం అన్నిటికీ ఒకటే. మూడు నెలల పిల్లకెంతో, నడుమెత్తు విత్తనపు పొట్టేలుకూ అంతే. "దానికి చాలుతుందా?" అని ఆదెమ్మ ఎప్పుడో ఒకసారి అడిగితే, "పంక్తిలో ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ వడ్డిస్తామా? నోరులేనివి ఉసురు పోసుకుంటయ్," అన్నాడు. అతని తండ్రి కూడా వెదురు గొట్టంతో పసరు పోసేటప్పుడు అలాగే పోసేవాడు. ఆ మాట మీద ఆదెమ్మ మళ్ళీ అడగలేదు.

ఇంకో నియమం కూడా తండ్రిదే. మందు తాగిన జీవం ఆ పూట పాత దొడ్డిలో పడుకోకూడదు. పాత దొడ్డిలో రోగం ఉంటుంది, శుభ్రమైన నేల మీదికి తోలాలి. అందుకే మందు తాగించే రోజు పిచ్చియ్య ముందుగానే ఏదో ఒక చేను మాట్లాడి పెట్టుకుంటాడు. ఈసారి వెంకట్రామయ్య గారి ఐదెకరాలు. శనగ వెయ్యడానికి ఆయన ఖాళీగా ఉంచిన చేను. గొర్రెలు నాలుగు రాత్రులు పడుకుంటే పెంటికలతో, ఉచ్చతో నేల బలుస్తుందని ఆయనే కబురు పెట్టాడు. వానలకు గడ్డి చీలమండ దాకా లేచి, ఏడాదిగా ఒక్క గిట్ట పడకుండా మెత్తగా ఉంది.

పొద్దుగూకే వేళకు ఎనభై ఒక్క జీవాలు ఎర్రబొట్లతో ఆ చేలోకి దిగాయి. వెంకట్రామయ్య గట్టు మీద నిలబడి మురిసిపోయాడు. "పెళ్ళివారొచ్చినట్టుందయ్యా పిచ్చియ్యా!" అన్నాడు.

"మందు పడ్డది గదా అయ్యగారూ. ఇంక భయం లేదు," అన్నాడు పిచ్చియ్య. ఆ మాట అనగానే గుండె మీంచి రాయి దిగినట్టయింది అతనికి.

నాలుగు రోజులు బాగానే ఉన్నాయి. శుక్రవారం పొద్దున మందను అక్కడ్నుంచి లేపి ఊరి బీడుకు తోలుతుంటే, చూలుతో ఉన్న పెద్ద గొర్రె ఒకటి అడుగు తీసి అడుగు వెయ్యలేక వెనకబడింది. పిచ్చియ్య దాన్ని భుజాన వేసుకుని నడిచాడు. తుమ్మచెట్టు దగ్గరికి వచ్చేసరికి దాని మెడ వాలిపోయింది. నుదుటి మీద ఎర్రబొట్టు ఇంకా చెరగలేదు.

ఆదెమ్మ ఇక మొగుణ్ణి అడగలేదు. పశువుల డాక్టరుకు తనే ఫోన్ చేసింది.

*

డాక్టరు నీలిమ వచ్చి ఏడాది కాలేదు. చిన్న వయసు, సన్నటి మనిషి. చేతులకు తొడుగులు వేసుకుని, తుమ్మచెట్టు కింద గోనెపట్టా పరిచి, చచ్చిన గొర్రెను వెల్లకిలా పడుకోబెట్టి కోసింది. పిచ్చియ్య కాళ్ళు పట్టుకున్నాడు. లోపల పిల్ల ఉంది. ఆదెమ్మ మొహం తిప్పుకుంది. గొర్రెకుండే నాలుగు పొట్టల్లో చివరిదాన్ని డాక్టరమ్మ బయటికి తీసి, పళ్ళెంలో పెట్టి, ఒక పక్కనుంచి కత్తితో చీల్చింది.

"చూడండి," అంది.

పొట్ట లోపలి పొర మీద వేలు పెట్టడానికి సందు లేదు. ఎరుపు, తెలుపు దారాలు పేనినట్టుండే సన్నటి పురుగులు వందలకు వందలు. అన్నీ కదులుతున్నాయి. గాలి తగలగానే మెలికలు తిరుగుతూ ఒకదాని కిందికి ఒకటి దూరుతున్నాయి. ముప్పై ఏళ్ళుగా నట్టల మందు పోస్తున్న పిచ్చియ్య నట్టల్ని ఇంత దగ్గరగా, ఇన్ని, బతికుండగా చూడటం అదే మొదలు.

"మందు ఎప్పుడు తాగించారు?"

"సోమారం. మా చేతుల్తోనే. నెల నెలా పోస్తా, చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే కొలత. ఇది ఒక్క చుక్క కక్కలేదు."

"మందు పనిచేసి ఉంటే రెండు మూడు రోజులకే ఇవి చచ్చి పెంటికల్లో పోవాలి. మీ నట్టలు ఆ మందుకు చావట్లేదు పెద్దాయనా."

"అయితే మందు కల్తీది."

"కాదు." ఆమె పురుగులున్న పళ్ళెం మీద మూత పెట్టింది. "రెండు నెలల కింద ఇదే మందు పోలమ్మ గొర్రెలు రెంటికి నేనే పోశాను. పది రోజులకు పెంటికలు పరీక్ష చేస్తే గుడ్డనేది లేదు. మందులో తేడా లేదు. తేడా మీ నట్టల్లో ఉంది."

పోలమ్మ పేరు వినేసరికి పిచ్చియ్య ముడుచుకున్నాడు. "నట్టల్లో తేడా ఏందమ్మా? నట్ట నట్టే గదా?"

డాక్టరమ్మ తొడుగులు విప్పి, నేల మీదే చతికిలబడింది. "మీ మందలో ఎప్పుడైనా చెవుల్లేని పిల్ల పుట్టిందా?"

"పుడుద్ది. ఏడాదికో రెండేళ్ళకో ఒకటి."

"ఎవరు చెప్తే అలా పుట్టింది?"

"ఎవురు చెప్తారు? అట్టా పుడుద్ది. పుట్టుకలోనే తేడా."

"నట్టల్లోనూ అంతే. ఒక్క నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అన్ని వేలల్లో ఎక్కడో ఒకదానికి పుట్టుకలోనే చిన్న తేడా పడుతుంది. ఆ తేడా ఉన్నదాన్ని మీ మందు చంపలేదు. మందు చూసి అది నేర్చుకున్నది కాదు, మందు కోసం వచ్చిందీ కాదు. ఊరికే అలా పుట్టింది, అంతే. వేలల్లో ఒకటి, దాని మొహం ఎవరు చూస్తారు? సరే, ఇది చెప్పండి. విత్తనపు పొట్టేల్ని మీరెట్లా ఏరతారు?"

ఇది పిచ్చియ్యకు చెయ్యి తిరిగిన విద్య. కాస్త నిటారుగా కూర్చున్నాడు. "ఎత్తు కాళ్ళు, వెడల్పు రొమ్ము. అట్టాంటిదాన్ని ఉంచుతా. మిగతాయి సంతకు తోలతా. మా నాయన నాటి మందకూ ఇప్పటి మందకూ జానెడు ఎత్తు పెరిగింది."

"ఉన్నవాటిలో కావలసినదాన్ని ఉంచి, మిగతావాటిని తీసేశారు. దాని పిల్లలే మంద అయింది. కడుపులోనూ మీరు చేసింది అదే. నెల నెలా అన్నిటికీ పోశారు. చచ్చేవన్నీ చచ్చాయి. చావనిది మిగిలింది. మిగిలినదానికి తోడు కూడా మిగిలినదే. పెద్ద పొట్టేలుకు చిన్నపిల్ల కొలత పోశారు చూడండి, అరకొరగా బలమున్నవి కూడా బతికిపోయాయి." ఆమె గొంతు తగ్గించింది. "మీరు నట్టల్ని చంపలేదు పెద్దాయనా. ఏరారు."

పిచ్చియ్య పొట్టేళ్ళ ఎత్తు గురించి సంతలో పదిమందిలో మీసం తిప్పిన మనిషి. అదే చేత్తో ఇంకో మందను కూడా ఇన్నేళ్ళూ సాకాడన్నమాట, ఎవరికీ కనబడని మందను.

"తాగించాక శుభ్రమైన నేలకు తోలతా గదమ్మా," అన్నాడు చివరికి. ఏదో ఒకటైనా తను సరిగ్గా చేసి ఉండాలని.

"ఎక్కడికి తోలారు ఈసారి?" ఆమె చటుక్కున అడిగింది.

చెప్పాడు. ఆమె చేను ఉన్న వైపు తల తిప్పింది.

"పాత దొడ్డిలో మందుకు చచ్చే నట్టలు కూడా ఉంటాయి. వాటితో కలిస్తే చావని జాతి పలచబడుతుంది. శుభ్రమైన నేల మీద కలవడానికేముంది? ఆ ఐదెకరాల్లో ఇప్పుడున్నవన్నీ ఏరిన విత్తనాలే. వారంలో గుడ్డు పగిలి, తెల్లారి మంచు పడే వేళ గడ్డి కొసకు ఎక్కి కూర్చుంటాయి. ఏ జీవం మేసినా మూడు వారాలకు మీరిప్పుడు చూసినట్టే. ఆ చేలోకి ఎవరి గొర్రెల్నీ దిగనివ్వకండి."

తన సంచిలోంచి ఇంకో మందు సీసా తీసి ఆదెమ్మ చేతిలో పెట్టింది. అది వేరే రకం, దానికి నట్టలింకా చస్తాయి. కానీ అన్నిటికీ పొయ్యకూడదు. కన్ను తెల్లబడినవాటికే, అదీ తూకం వేసి, తూకానికి తగ్గట్టు పొయ్యాలి. "అన్నిటికీ పోశారో, నాలుగేళ్ళలో దీన్నీ పోగొట్టుకుంటాం. ఆ తర్వాత ఇవ్వడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు," అంది.

"మరి మందలో ఉన్న ఈ జాతి? ఇట్టాగే ఉంటదా?" ఆదెమ్మ అడిగింది.

"పలచబరచాలంటే మందుకు చచ్చే పాత నట్టలు కావాలి. అవి ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరి దగ్గరున్నాయంటే, పోలమ్మ మందలో ఉన్నాయి. ఆమె అవసరమైనదానికే మందు పోస్తుంది, మిగతావాటి జోలికి పోదు. మేం పుస్తకాల్లో చదువుకుని చెప్పేది ఆమె చదవకుండానే చేస్తోంది. మీ జీవాలు కోలుకున్నాక ఆమె గొర్రెలు మేసిన నేలలో మేపండి. బతిమాలైనా సరే, ఆమె మందను పోగొట్టుకోకండి."

ఆదెమ్మ మొగుడి వైపు చూసింది. ఆ చూపు పిచ్చియ్య తట్టుకోలేకపోయాడు. లేచి వెళ్ళి, గొర్రెనూ దాని కడుపులో పిల్లనూ పూడ్చడానికి గొయ్యి తవ్వడం మొదలెట్టాడు. నడుం లోతు చాలు. అతను గుండె లోతు తవ్వాడు.

*

శనివారమంతా తూకం, మందు. పిచ్చియ్య గొర్రెను ఎత్తుకుని తూకం మీద నిలబడితే ఆదెమ్మ అంకె చదివింది. ఎనభైలో ముప్పై ఒకటి కళ్ళు తెల్లబడ్డాయి. ముప్పై ఒకటికే పోశారు. మిగతావాటిని మందు పొయ్యకుండా వదిలేస్తుంటే, అన్నం పెట్టకుండా పిల్లల్ని పస్తు పడుకోబెట్టినట్టనిపించింది అతనికి.

పోలమ్మ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళి ఏమని చెప్పాలి? నలుగురిలో తరిమిన మనిషిని నలుగురికీ తెలిసేలా పిలవాలి. నీ నట్టలు కావాలని అడగాలి. కాపరుల పెద్ద అడగాల్సిన మాటేనా అది? పొద్దున వెళదాం, మధ్యాహ్నం వెళదాం అనుకుంటూనే రోజు గడిపేశాడు. "పెద్దరికం తీసుకుని చూరులో పెట్టుకో, మంద పోయాక దాన్నే మేపుదువుగాని," అంది ఆదెమ్మ.

ఆదివారం కోడి కూసే వేళకే బయల్దేరాడు. నడుస్తున్నకొద్దీ మనసు తేలికపడింది. అడిగేస్తాడు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాడు. పోలమ్మ రెండు తిట్లు తిడుతుంది, తిట్టనీ. మంద దక్కితే చాలు. రాతి గుంతల దగ్గరికి వచ్చేసరికి తెలతెలవారుతోంది. నాపరాళ్ళు పేర్చి కట్టిన ఆమె దొడ్డి ఖాళీగా ఉంది. తడిక బార్లా తీసి ఉంది. లోపల పెంటికలు ఎండిపోయి ఉన్నాయి, రెండు రోజులుగా ఇక్కడ జీవం పడుకున్న జాడ లేదు.

గుంత దగ్గర నీళ్ళు ముంచుకుంటున్న మనిషిని అడిగాడు.

"పోలమ్మా? శుక్రారం సాయంత్రమే మంద లేపుకుని పోయిందిగా. ఎంకట్రామయ్య గారి చేలోకి."

ఎవర్నీ దిగనివ్వొద్దన్న మాట ఆయనకు చేరవెయ్యనే లేదు తను. పిచ్చియ్య పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి పంచె ఎగగట్టి, చెప్పులు చేత పట్టుకుని, గట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. చేను కనబడేసరికి ఎండ ఇంకా రాలేదు. గడ్డి మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంది. ఇరవై రెండు గొర్రెలు తలలు ఎత్తకుండా మేస్తున్నాయి. కొసలు తెంపుతున్న పటపట శబ్దం గట్టు దాకా వినబడుతోంది.

పోలమ్మ అతన్ని చూసి కొంగు సర్దుకుంది. "ఏంది మావా ఆ రొప్పు? కూచో, కూచో."

"వీటిని," అన్నాడు. ఊపిరి అందలేదు. "వీటిని ఈడికెందుకు తోలావే?"

"నువ్వే గదా చెప్తా ఉంటావు, మందు తాగిన జీవం పాత దొడ్డిలో పడుకోగూడదని. నీ మంద లేచిపోయిందని అయ్యగారే రమ్మన్నారు. గడ్డి చూడు, ఎట్టా ఉందో."

"మందు..." పిచ్చియ్య గట్టు దిగాడు. "తాగిచ్చావా?"

"తాగిచ్చా. శుక్రారం మీ పొరుగింటామెను అడిగి, మీ చావిట్లో ఉన్న క్యాన్ తెచ్చుకున్నా. మీరిద్దరూ తుమ్మచెట్టు కాడ ఉన్నారంట." పోలమ్మ మొహంలో కోపం లేదు. మాట పడకుండా పని ముగించుకున్న మనిషి నిబ్బరం ఉంది. "ఇరవై రెంటికీ. ఒక్కదాన్నీ వదల్లేదు మావా, నీమీదొట్టు."

ఒక గొర్రెపిల్ల అతని మోకాలికి మూతి రాసింది. పిచ్చియ్య వంగి, బొటనవేలితో దాని కంటిరెప్ప తిప్పి చూశాడు. దానిమ్మ గింజంత ఎర్రగా ఉంది. ఇంకోదాన్ని పట్టుకుని చూశాడు. ఎరుపే. మూడోదీ ఎరుపే. మూడు వారాలు, అంది డాక్టరమ్మ. మందుకు చచ్చే పాత నట్టలు లోపల చచ్చాయి, ఈ గడ్డితో చావనివి చేరుతున్నాయి. పిల్ల అతని చేతిలోంచి గింజుకుని పోయి, మళ్ళీ గడ్డిలో తల పెట్టింది.

"బాగున్నయిగా?" అంది పోలమ్మ. "ఇంకనన్నా బీడులోకి రానిస్తావా మావా? రేపటితో నువ్వు పెట్టిన గడువు."

పిచ్చియ్య గట్టు మీద కూలబడ్డాడు. ఇరవై రెండు తలలు మంచులో మేస్తూనే ఉన్నాయి.

"రామ్మా," అన్నాడు. "ఇంక నీ మందకూ నా మందకూ తేడా ఏం లేదు."

పోలమ్మ నవ్వింది. వారం రోజుల తర్వాత మొదటిసారి మనసారా నవ్వింది. ఆ నవ్వు చూశాక మిగతా మాట చెప్పడానికి పిచ్చియ్యకు చాలాసేపు పట్టింది.